పానా ఎవరి చేతిలో ఉంది?

ఆడవాళ్ళు బండి నడపటానికి ఈ సమాజం ఎట్టకేలకు ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో మనకి తెలుసు. పిల్లల్ని బడిలో దింపాలి, కూరగాయలు తేవాలి, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఆపైన ఉద్యోగానికీ పరిగెత్తాలి. ఇన్ని పనులు చేసిపెట్టే మనిషికి ఒక స్కూటీ కొనివ్వటం ఇంటికి లాభమే. కానీ ఆ స్కూటీ నడిరోడ్డు మీద ఆగిపోతే ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ నేర్పరు. నేర్పటం మర్చిపోయి కాదు. అది ఆమె తెలుసుకోవాల్సిన విషయమని ఎవరికీ తోచదు. ఆ తోచకపోవటంలోనే రాజకీయం ఉందని నేనంటాను.

బండి ఆగిపోయిన ఆడమనిషికి మనవాళ్ళు ఇచ్చే సలహా ఒక్కటే: ఎవరికైనా ఫోన్ చెయ్యి. ఆ 'ఎవరైనా' దాదాపు ఎప్పుడూ మగవాడే. తండ్రి, అన్న, భర్త, తోటి ఉద్యోగి, మెకానిక్, చివరికి పోలీసు. బండి నడుస్తున్నంతసేపూ ఆమె తన ఇష్టాన తిరిగే మనిషి. ఆగిన క్షణం నుంచీ మళ్ళీ ఎవరి తాలూకో అయిపోవాలి. ఎంత దూరం వెళ్ళాలి, ఏ దారిన వెళ్ళాలి, ఏ వేళకి తిరిగి రావాలి అన్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క భయం చుట్టూ తిరుగుతాయి. "దారిలో ఆగిపోతే ఏం చేస్తావ్?" అన్న ప్రశ్నకి జవాబు లేక ఎన్ని ప్రయాణాలు గడప దాటకుండానే ఆగిపోయాయో ఎవరు లెక్క తీశారు?

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ పక్కన ఏం జరిగిందో హైదరాబాద్‌లో ఏ ఆడపిల్లకీ మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఒక యువ పశువైద్యురాలు తన స్కూటర్ దగ్గరికి తిరిగి వచ్చేసరికి టైరులో గాలి లేదు. గాలి కావాలనే తీశారనీ, బాగు చేయించి తెస్తామన్న నెపంతో ఆమెను ఆపి అత్యాచారం చేసి చంపారనీ పోలీసులు చెప్పారు. ఆమెకి 'దిశ' అని పేరు పెట్టారు. ఆ తర్వాత పది రోజుల్లో మన పాలకులు ఏం మాట్లాడారో, ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకుందాం. చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉంటే బతికేదని అప్పటి హోం మంత్రి మహమూద్ అలీ అన్నారు. కేసు నమోదులో ఆలస్యం చేశారని అదే పోలీసు శాఖ తన సిబ్బంది ముగ్గురిని సస్పెండ్ చెయ్యాల్సి వచ్చింది. ఆర్టీసీలో మహిళలకి రాత్రి 8 దాటాక డ్యూటీలు వెయ్యొద్దని డిసెంబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు ప్రకటించారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్నీ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చింది.

ఫోన్ చెయ్యి, పెందలాడే ఇంటికి రా, మిగతాది మేం చూసుకుంటాం. ఈ మూడు మాటల్లో స్త్రీ చేతికి వచ్చిందేమిటి? రోడ్డు మీద లైట్లు వచ్చాయా? రాత్రిళ్ళు బస్సులు పెరిగాయా అని అడిగినవాళ్ళెంతమంది? కండక్టర్ ఉద్యోగం చేసే స్త్రీలకి డ్యూటీ గంటలు తగ్గించటమే రక్షణ అయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆమెకి పంక్చర్ వెయ్యటం వచ్చి ఉంటే బతికేదని నేను అనటం లేదు. అలా అనటం హోం మంత్రి మాటకి ఇంకో రూపమే అవుతుంది. నలుగురు మగవాళ్ళు కాపు కాసి కూర్చుంటే ఏ పానా ఆపుతుంది, ఏ పెప్పర్ స్ప్రే ఆపుతుంది? నేరం చేసినవాళ్ళదే నేరం. నేను మాట్లాడుతున్నది వేరే విషయం. టైరులో గాలి తీసేస్తే ఒక ఆడమనిషి ఎవరో ఒకరి సాయం కోసం నిలబడి చూడక తప్పదని ఎవడైనా లెక్క వెయ్యగలుగుతున్నాడు కదా, ఆ లెక్క గురించి. ఆ లెక్క ఒక స్త్రీకి తెలియకపోవటం వల్ల పుట్టింది కాదు. మొత్తం ఆడవాళ్ళని ఒక విద్యకి వెలి పెట్టటం వల్ల పుట్టింది.

ఆ విద్య దొరికే చోట్లు మన కళ్ళముందే ఉన్నాయి. నేనుండే బోరబండలో ఏ రోడ్డున నడిచినా మెకానిక్ షెడ్లు, పంక్చర్ డబ్బాలు కనిపిస్తాయి. సనత్‌నగర్ పారిశ్రామికవాడకి పక్కన పెరిగిన బస్తీలు ఇవి. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ కంపెనీ మూతపడింది గానీ ఇనుముతో పని తెలిసిన చేతులు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. బడిలో నిలవని పిల్లవాడు షెడ్డులో 'చోటూ'గా చేరతాడు. టీలు తెస్తాడు, నట్లూ బోల్టులూ కడుగుతాడు, ఉస్తాద్ చేత దెబ్బలు తింటాడు. కొన్నేళ్ళకి ఇంజన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలుగుతాడు. దీన్ని నేను ఆకాశానికెత్తటం లేదు. చదువుకోవలసిన వయసు పిల్లల చేత చేయించే చాకిరీ అది. పైగా ఆ పనికి గౌరవమూ లేదు. 'పంక్చర్లు వేసుకునేవాళ్ళు' అన్నమాటని ముస్లింల మీద తిట్టుగా వాడే దేశం ఇది. చేతికి మసి అంటే ప్రతి పనినీ కులం పేరుతో కిందికి తోసిన దేశం కూడా. అయినా సరే, ఆ షెడ్డు ఒక బడి. సమాజం ఈసడించే ఆ బడిలోకి కూడా ఆడపిల్లకి ప్రవేశం లేదు!

బోరబండ నుంచి బస్సెక్కితే కాసేపట్లో అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ గోడలన్నీ కోర్సుల బోర్డులే. జిల్లాల నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఇరుకు గదుల్లో ఉండే ఆడపిల్లలు అక్కడ జావా నేర్చుకుంటారు, ఒరాకిల్ నేర్చుకుంటారు, శాప్ నేర్చుకుంటారు. వాళ్ళ మెదళ్ళకి ఏదీ కష్టం కాలేదు. స్పార్క్ ప్లగ్ విప్పటం, పంక్చర్ వెయ్యటం ఆడపిల్లలకి నేర్పబడును అన్న బోర్డు మాత్రం ఇన్నేళ్ళలో నా కంటపడలేదు. అమెరికా కంపెనీకి కావలసిన విద్యని మన ఆడపిల్లలకి నేర్పటానికి ఇన్ని గదులున్నాయి. వాళ్ళు రోజూ ఎక్కి తిరిగే బండి గురించి నేర్పటానికి ఒక్క గది లేదు.

ఇది ఉద్యోగస్తులైన మధ్యతరగతి స్త్రీల బాధే అనుకోవద్దు. మా వీధిలో ఒకామె జూబ్లీహిల్స్‌లో నాలుగిళ్ళలో పని చేస్తుంది. బస్సు కోసం చూస్తే మొదటి ఇంటికి వేళ మించిపోతోందని పాత స్కూటీ కొనుక్కుంది. ఒకరోజు ఆ బండి దారిలో ఆగిపోయింది. "బండి నూకుకుంట ఇంత ఎత్తు ఎక్కిన అక్కా. షెడ్డుకాడ ఏమైందమ్మా అని నన్ను అడగనేలేదు, మీ ఆయనను తోలియ్యి అన్నరు. ఆయన ఉంటె గద నేను బండి కొనుక్కునేది?" అంది. తర్వాత తేలిందేమిటంటే ప్లగ్గు మీది క్యాప్ వదులైంది. అది చేత్తో నొక్కితే కూర్చునేది. ఆ రోజు రెండిళ్ళ పని పోయింది, మాటలూ పడ్డాయి. కారున్న ఆడవాళ్ళకి రిపేరు తెలియకపోతే విసుగు. ఈమెకి తెలియకపోతే కూలి.

'యంత్రాలు ఆడవాళ్ళకి ఎక్కవు' అంటారు. ఎవరు అంటున్నారు ఈ మాట? కుక్కర్ విజిల్ రాకపోతే గాస్కెట్ అరిగిందా, వెయిట్‌లో మెతుకు ఇరుక్కుందా అని చూసేది ఎవరు? గ్యాస్ పొయ్యి మంట ఎర్రగా వస్తే బర్నర్ విప్పి పిన్నీసుతో పొడిచేది ఎవరు? కుట్టుమిషన్ మీద దారం తెగుతుంటే టెన్షన్ సరిచేసి, బాబిన్ తీసి చూసి, నూనె పోసి, బెల్టు బిగించేది ఎవరు? పాత స్కూటర్‌లో కార్బురేటర్ చేసేదీ, పొయ్యి చేసేదీ సూత్రానికి ఒకటే. సన్నని రంధ్రంలోంచి ఇంధనం రావాలి, గాలితో కలవాలి, అంటుకోవాలి. ఆ రంధ్రంలో మసి పట్టినా చెత్త పట్టినా మంట చెడుతుంది. వంటింట్లో ఆ రంధ్రాన్ని శుభ్రం చేస్తే ఇంటిపని. షెడ్డులో చేస్తే టెక్నాలజీ. మొదటిదానికి జీతం లేదు, రెండోదానికి ఆడవాళ్ళు పనికిరారు. శ్రమ విభజన గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. జ్ఞానానికి పేరు పెట్టే అధికారం కూడా ఆ విభజనలో భాగమేనని ఇక్కడ తెలుస్తుంది.

ఈ అబద్ధానికి వయసు కూడా పెద్దదే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె భర్త తయారు చేసిన మోటారు బండిని అతనికి చెప్పకుండా బయటికి తీసి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్సైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్లకి పైగా నడుపుకుంటూ వెళ్ళింది. అంత దూరం అప్పటికి ఎవరూ మోటారు బండిలో వెళ్ళలేదు. ఆ బండి వ్యాపారం నిలబడటానికి తన కట్నం సొమ్ము పెట్టింది కూడా ఆమే. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తీసింది. తీగ మీది పొర పోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టే అతనితో తోలు కొట్టించింది. ఇంధనం మందుల షాపులో కొనుక్కుంది. ఈ కథ చెప్పేవాళ్ళందరూ పిన్ను దగ్గర, మేజోడు పట్టీ దగ్గర ముచ్చటపడి ఆగిపోతారు, ఆడబుద్ధి ఎంత చమత్కారమో అని. పిన్ను అందరి దగ్గరా ఉంటుంది. అది ఏ గొట్టంలో పెట్టాలో తెలియటమే విద్య. ఆ విద్యని చమత్కారం కింద కొట్టిపారెయ్యటం వల్లనే, దారిలో బండి బాగు చేసుకున్న మొదటివాళ్ళలో ఒక స్త్రీ ఉన్నా రిపేరు మగవాళ్ళ సొత్తు అయింది.

1909లో అమెరికాలో ఆలిస్ రామ్సే అనే 22 ఏళ్ళ స్త్రీ ముగ్గురు స్త్రీలని ఎక్కించుకుని న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా 59 రోజులు కారు నడిపింది. తక్కిన ముగ్గురికీ డ్రైవింగ్ రాదు. రోడ్లు చాలావరకు బురద దారులే. టైర్లు పదకొండుసార్లు మార్చింది, ప్లగ్గులు శుభ్రం చేసింది, విరిగిన బ్రేక్ పెడల్ బాగు చేసుకుంది. ఆ ప్రయాణానికి బండి ఇచ్చింది ఒక కార్ల కంపెనీ. 'ఆడదే నడిపిందంటే మా బండి ఎంత సులువో చూడండి' అని చెప్పుకోవటానికి! ఆమె నేర్పు కంపెనీ గొప్పగా మారిపోయింది. వందేళ్ళ తర్వాత మన స్కూటర్ల ప్రకటనలు చూడండి. గేర్లు లేవు, బరువు లేదు, రంగులున్నాయి, సీటు కింద చోటుంది. నవ్వుతూ నడిపే అమ్మాయి చేతికి ఎక్కడా మసి ఉండదు.

ప్రకటనే కాదు, బండి తయారీలోనూ ఇదే చూపు ఉంది. మన నాన్నల తరం నడిపిన బజాజ్ చేతక్‌కి స్టెప్నీ ఉండేది. పంక్చరైతే నట్లు విప్పి చక్రం మార్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత ఆడవాళ్ళ బండి అని పేరు పడ్డ స్కూటీకీ, ఇంటిల్లిపాదీ నడిపే యాక్టివాకీ స్టెప్నీ లేదు. బరువు తగ్గించాలి, డిక్కీలో చోటు ఇవ్వాలి, ఇలాంటి కారణాలు ఉండొచ్చు. కానీ ఫలితం ఏమిటి? గాలి పోతే బండి నడిపే మనిషి ఇంకొకరి మీద ఆధారపడక తప్పదు. ఇప్పుడు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాయి. మేకుని కటింగ్ ప్లయర్‌తో లాగి, సూదిలాంటి పనిముట్టుతో రంధ్రాన్ని రాపి, సొల్యూషన్ పూసిన రబ్బరు పట్టీని అందులోకి దూర్చి, మిగిలిన ముక్క కోసి గాలి కొడితే సరిపోతుంది. చక్రం విప్పక్కర్లేదు. బజ్జీ మిరపకాయలో వాము కూరినంత పని. ఆ కిట్టు, చిన్న గాలి పంపు రెండూ డిక్కీలో పడతాయి. లేడీస్ బండి అని అమ్మే కంపెనీలు అద్దం ఇస్తాయి, సంచి తగిలించే కొక్కెం ఇస్తాయి. ఈ కిట్టు ఎందుకివ్వవు?

మన సాహిత్యం ఏం తక్కువ తిన్నది? యద్దనపూడి సులోచనారాణి నవలల రోజుల నుంచీ మన ఊహల్లో కారు హీరోది. వర్షంలో ఆగిపోయిన కారు, తడిసిన అమ్మాయి, వచ్చి బోనెట్ ఎత్తే ఆరడుగుల మనిషి. ఎన్ని సినిమాల్లో చూశాం ఈ దృశ్యం! తర్వాత వచ్చిన స్త్రీవాద రచయిత్రులం ఆ హీరోని బయటికి పంపేశాం, మంచిదే. వంటింటిని రాజకీయం చేశాం, పడకగదిని రాజకీయం చేశాం, ఆఫీసునీ చేశాం. కానీ బోనెట్ కింద ఏముందో మన కథానాయిక ఇంకా వంగి చూడలేదు. ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది, కథ అక్కడ అయిపోతుంది. ఏ బండి మీద వెళ్ళింది, దారిలో అది ఆగితే ఏం చేసింది? గడప దాటటం గురించి మనకి బోలెడు సాహిత్యం ఉంది. దాటాక వచ్చే రోడ్డు గురించి తక్కువ. 2018లో హైదరాబాద్ నుంచి జై భారతి, పియా బహదూర్ మరో ఇద్దరు స్త్రీలతో కలిసి మోటారు సైకిళ్ళ మీద మియన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి వచ్చారు. ఆ ప్రయాణం మీద పియా బహదూర్ ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఇలాంటి ప్రయాణాలు మన కథల్లోకి ఎందుకు రావు?

నాకు ఎదురు వచ్చే వాదనలు రెండు. మగవాళ్ళకి మాత్రం అందరికీ వచ్చా అన్నది మొదటిది. రాదు, నిజమే. సాఫ్ట్‌వేర్ చేసే అబ్బాయిల్లో ఎంతమందికి ప్లగ్ ఎక్కడుందో తెలుసు? కానీ తెలియని మగవాడు షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూసి నేర్చుకోగలడు. అర్ధరాత్రి రోడ్డు పక్కన బండి పక్కనే నిలబడగలడు. తెలియకపోవటం అతని దారిని ముయ్యదు, మన దారిని మూస్తుంది. తెలిసిన స్త్రీని కూడా ఎవరూ నమ్మరన్నది వేరే సంగతి. ఒక సర్వీస్ సెంటర్‌లో బ్రేక్ ప్యాడ్లు అరిగాయని నేను చెప్తే "సార్‌తో ఒకసారి మాట్లాడించండి మేడమ్" అన్నారు. బండి నా పేరున ఉంది, నడిపేది నేను, డబ్బు కట్టేదీ నేనే. ఏ సార్‌తో మాట్లాడించాలి?

రెండో వాదన మనలోంచే వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. ఇప్పటికే ఇంటా బయటా రెండు చాకిరీలు, ఇప్పుడు ఇది మూడోదా అని. అవును, పని పెరగకూడదు. అయితే ఇంటిపని ఇంకొకరి కోసం చేసే పని. ఇది మన కదలిక మన చేతిలో ఉండటానికి నేర్చుకునే విద్య. చదువు నేర్చుకునేటప్పుడూ మన అమ్మమ్మలకి ఇదే మాట చెప్పారు, నీకెందుకమ్మా ఈ శ్రమ, ఉత్తరం ఎవరో ఒకరు చదివిపెడతారు కదా అని. ఎవరో ఒకరు చదివిపెట్టే ఉత్తరంలో ఏం ఉంటుందో, ఏం ఉండదో వాళ్ళకి తెలుసు.

ఒంటరిగా నెగ్గుకొచ్చిన వీరవనితల కథలతో తృప్తిపడటం కూడా మానేద్దాం. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి పంక్చర్లు వేసే ఆదిలక్ష్మి గురించి పత్రికలు రాశాయి, 'తొలి మహిళా మెకానిక్' అని. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని తండా నుంచి వెళ్ళిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవర్ అయ్యారు. సొంత రాష్ట్రపు ఆర్టీసీ బస్సు స్టీరింగ్ పట్టుకోవటానికి ఆమెకి 2025 దాకా పట్టింది. తొలి మహిళ, తొలి మహిళ అని ఫొటో వేసి దండ వేస్తారు. రెండో మహిళ ఎక్కడ, వందో మహిళ ఎక్కడ అని ఎవరూ అడగరు.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. మహిళా ఐటీఐ అనగానే కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సు, కంప్యూటర్ అని సరిపెట్టకుండా రెండేళ్ళ మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్‌లో సీట్లు, హాస్టళ్ళు, పని చేసే చోట మరుగుదొడ్లు ఇవ్వాలని అడుగుదాం. డ్రైవింగ్ స్కూల్లో ఫీజు కట్టినప్పుడు చక్రం మార్చటం, బ్యాటరీ చూసుకోవటం, ప్లగ్ విప్పటం నేర్పితేనే కోర్సు పూర్తయినట్టని పట్టుబడదాం. మన కాలేజీల్లో పనిచేసే అధ్యాపకులున్నారు. మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ పెట్టే బదులు ఒక మెకానిక్‌ని పిలిపించి, ఆయనకి గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే గౌరవ వేతనమే ఇచ్చి, పార్కింగ్‌లో నాలుగు బండ్లు విప్పించటానికి ఎవరి అనుమతి కావాలి?

తొందరపడాల్సిన కారణం ఇంకొకటి ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 స్కూటర్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి. వాటి జబ్బు కంపెనీ కంప్యూటర్‌కి తప్ప తెలియకుండా తాళం వేసి అమ్ముతున్నారు. బోరబండ ఉస్తాద్ చేతిలోని విద్య కూడా కంపెనీల చేతిలోకి పోతోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద 2022 జులైలో కమిటీ వేసి, అదే డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి. కొన్నవాళ్ళకి విప్పే హక్కు ఉండాలా వద్దా అన్న ఆ చర్చలో స్త్రీల సంఘాల గొంతు ఇప్పుడే వినపడాలి. పాత విద్య పంచుకున్నప్పుడు మనల్ని పిలవలేదు. కొత్తది పంచుకుంటున్నప్పుడు పిలుపు కోసం చూడకుండా వెళ్ళి కూర్చోవాలి. చేతులు మసి అవుతాయి. కడుక్కుంటే పోతుంది.